ఆర్చి షెడ్డుకి పైపు రోలింగ్ చేయించడం ఎలా: లెక్క దగ్గర్నుంచి బిగింపు దాకా

పోర్టికో మీద ఆర్చి షెడ్డు వేయిద్దామనో, గేటు పైన కమాను పెట్టిద్దామనో, షాపు ముందు వంపు కానపీ కావాలనో అనుకుంటున్నారా, పేర్లు వేరే గానీ పని ఒకటే, తిన్నగా ఉన్న పైపుని మనకి కావాల్సిన రేడియస్‌లో వంచడం, దాన్నే రోలింగ్ అంటాం. చూసేవాళ్లకి ఏముంది, మెషిన్‌లో పెట్టి తిప్పితే వంగుతుంది కదా అనిపిస్తుంది. నేను ఈ ఫ్యాబ్రికేషన్ లైన్‌లో ఉండి చూసింది ఏంటంటే రోలింగ్ పాడైన పనుల్లో చాలావరకు మెషిన్ దగ్గర పాడవలేదు, అంతకుముందే ఫోన్లోనో చిత్తుకాగితం మీదో పాడైపోయాయి. అందుకే ఇక్కడ మెషిన్ కన్నా సుద్దముక్క గురించే ఎక్కువ చెప్తాను, ఓపిగ్గా చదవండి.

నా సొంత బాగోతం ఒకటి ముందు చెప్పేస్తా. మొదట్లో ఒక గేటు కమానుకి అరవృత్తం కావాల్సొచ్చి రోలింగ్ షాపుకి ఫోన్ చేసి "పదడుగుల ఆర్చి" అన్నాను, నా ఉద్దేశం కాలికీ కాలికీ మధ్య పదడుగులు, అంటే రేడియస్ ఐదు. అతను పదడుగుల రేడియస్ అనుకుని తిప్పేశాడు. సైట్‌కి తీసుకెళ్లి నిలబెడితే కమాను కాదు అది, బట్టలారేసే దండెం కొంచెం వంగినట్టుంది. అయితే అదృష్టం ఏంటంటే తప్పు తక్కువ వంగే వైపు జరిగింది కాబట్టి మళ్లీ మెషిన్‌లో పెట్టి ఐదుకి తెచ్చుకున్నాం, అదే తిరగబడి ఐదు చేయాల్సింది రెండున్నర అయ్యుంటే ఆ పైపులు తుక్కుకే. ఎందుకంటే తక్కువ వంగిన పైపుని ఇంకాస్త వంచొచ్చు, ఎక్కువ వంగినదాన్ని విప్పబోతే నొక్కులు పడి, మెలి తిరిగి, ఒకచోట తిన్నగా ఒకచోట వంపుగా తయారవుతుంది. కాబట్టి రోలింగ్‌లో ఎప్పుడైనా సరే తక్కువ వైపు నుంచి మెల్లగా రావాలి.

సరే, ముందు లెక్క. ఆర్చిని విల్లు అనుకోండి. రెండు కాళ్ల మధ్య దూరం నారి, దాన్నే మనం స్పాన్ అంటాం. నారి మధ్య నుంచి విల్లు పొట్ట దాకా ఉన్న ఎత్తు రైజ్. ఓనరుకి తెలిసేవి ఈ రెండే, రేడియస్ ఆయన చెప్పలేడు, చెప్పినా నమ్మొద్దు, మీరే కట్టుకోండి. స్పాన్‌ని స్పాన్‌తో గుణించి, దాన్ని రైజ్‌కి 8 రెట్లతో భాగించి, వచ్చినదానికి రైజ్‌లో సగం కలిపితే రేడియస్. స్పాన్ 6 మీటర్లు, రైజ్ 900 ఎంఎం అనుకుందాం. 6000 ఇంటూ 6000 బై 7200, అంటే 5000, దానికి 450 కలిపితే 5450 ఎంఎం. ఈ ఉదాహరణనే చివరిదాకా లాక్కెళ్దాం.

ఇప్పుడు పైపు పొడవు ఎంత పడుతుందో చూడాలి. రైజ్‌ని రైజ్‌తో గుణించి, మళ్లీ 8తో గుణించి, స్పాన్‌కి 3 రెట్లతో భాగించి, వచ్చింది స్పాన్‌కి కలపండి. మనకి 360 వస్తుంది, అంటే 6360. కాలిక్యులేటర్‌లో పద్ధతిగా కడితే 6354 వస్తుంది, ఆ 6 ఎంఎం తేడా పట్టించుకోనక్కర్లేదు. కానీ ఈ షార్ట్‌కట్ చదునుగా ఉండే ఆర్చిలకే, అరవృత్తానికి వాడితే తప్పొస్తుంది, దానికి రేడియస్‌ని 3.14తో గుణించేయండి చాలు.

ఇక్కడే అందరూ దొరికిపోయేది. మార్కెట్లో పైపు 6 మీటర్ల లెంత్ వస్తుంది, మనకి కావాల్సింది 6354. పైగా మూడు రోలర్ల మెషిన్‌లో పైపు రెండు చివర్లూ వంగవు, రోలర్ల మధ్య ఎడం ఎంత ఉంటే దాంట్లో దాదాపు సగం చివర తిన్నగానే ఉండిపోతుంది. చిన్న మెషిన్‌లో అర అడుగు, పెద్దదాంట్లో అడుగు పోతుందనుకోండి. అంటే ఒక్క పైపుతో 6 మీటర్ల స్పాన్ రాదు, జాయింట్ పడాల్సిందే. ఒక పైపులో చెరో పావు మీటరు తిన్న చివర్లు పోతే మిగిలే మంచి వంపు 5.5 మీటర్లు, అదే రేడియస్‌లో దానికి వచ్చే స్పాన్ సుమారు 5.27 మీటర్లు. కాబట్టి పిల్లర్లు ఇంకా లేవకపోతే ఓనరుతో మాట్లాడి స్పాన్ ఐదుంబావుకి తగ్గించండి, జాయింట్లు, వేస్టు, గ్రైండింగ్ అన్నీ మిగుల్తాయి. పిల్లర్లు లేచిపోయాక ఈ మాట చెప్తే ఏం లాభం.

జాయింట్ తప్పనప్పుడు చాలామంది ముందే అతికి రోల్ చేయిస్తారు. నాకు అది నచ్చదు, వెల్డింగ్ ఉన్నచోట పైపు మిగతాచోటులా వంగదు, లోపల స్లీవ్, అంటే దూరే సైజు చిన్న పైపు ముక్క కూడా పెట్టారంటే అక్కడ మోచెయ్యిలా ఒక ముడి కనిపిస్తుంది. ముక్కలు విడివిడిగా రోల్ చేసి, తిన్న చివర్లు కోసేసి, తర్వాత నేల మీద గీత మీద పెట్టి అతుక్కోవడం మేలు. అన్ని ఆర్చిలకీ జాయింట్ ఒకేచోట రాకుండా ఎడమ కుడి మార్చుకుంటూ పోండి.

పైపు ఎంచుకోవడం గురించి. పైన ఉదాహరణకి ఒకటిన్నర ఇంచు పైపు, అంటే బయటి కొలత 48.3 ఎంఎం, మీడియం క్లాసులో గోడ మందం 3.2 ఎంఎం, మీటరుకి సుమారు మూడున్నర కేజీలు తూగుతుంది. ఇది మీ షెడ్డుకి సరిపోతుందా అనేది ఆర్చికీ ఆర్చికీ ఎడం ఎంత, గాలి ఎంత అనేదాన్ని బట్టి, స్ట్రక్చరల్ ఇంజనీర్ చెప్పాలి, నేను కాదు. నేను చెప్పేది వంగే సంగతి: గోడ పల్చగా ఉండే ఒకటింబావు, ఒకటిన్నర ఎంఎం డెకరేషన్ పైపులు లోపలి వైపు ముడతలు పడతాయి, చదరపు పైపులైతే పక్క గోడలు ఉబ్బి లోపలి ముఖం గుంట పడుతుంది. గుండ్రం పైపు అన్నిటికన్నా మర్యాదగా వంగుతుంది. ఎల్ ఆకారంలో ఉండే ఏంగిల్ అన్నిటికన్నా మొండిది, వంగుతూ వంగుతూ మెలి తిరిగిపోతుంది, దానికి ఆనుడు రోలర్లు ఉన్న మెషిన్ ఉంటేనే ఇవ్వండి. ఐ సెక్షన్ పడుకోబెట్టి వంచడం తేలిక, నిలబెట్టి వంచడం అనేది పెద్ద మెషిన్ల పని, రేటు అడిగేటప్పుడు ఏ వైపు అనేది బొమ్మ గీసి చూపించండి, నోటితో చెప్తే సగంమందికి తిరగబడి అర్థమవుతుంది.

ఇంకోటి, పైపు మీద పొడుగునా ఒక అతుకు గీత ఉంటుంది చూడండి, పట్టీని గుండ్రంగా చుట్టి కరెంటుతో అతికే ఈఆర్‌డబ్ల్యూ పైపు అన్నిటికీ ఉంటుంది. ఆ గీత వంపుకి బయటి వైపు ఉంటే బాగా సాగుతుంది, లోపలి వైపు ఉంటే నలుగుతుంది, పక్కన ఉంటే దానికి ఏ బాధా లేదు. పైపు నేలకి సమాంతరంగా తిరిగే మెషిన్ అయితే అతుకు పైకి కనిపించేలా పెట్టమనండి, ముందే సుద్దతో గీత గీసి ఇవ్వండి, పైపు రోలర్లలో తిరిగిపోతే వెంటనే తెలుస్తుంది కూడా.

ఇప్పుడు నేల మీద అసలు సైజు బొమ్మ. ఐదున్నర మీటర్ల రేడియస్‌కి మేకు కొట్టి తాడుతో గీద్దామంటే అంత జాగా ఉండదు, పైగా తాడు సాగుతుంది, కట్టుతీగ వాడినా మధ్యలో ఏదో ఒకటి అడ్డొస్తుంది. దానికన్నా ఇలా చేయండి. గచ్చు మీద 6 మీటర్ల గీత కొట్టి మధ్య గుర్తు పెట్టండి. మధ్యలో మూలమట్టం పెట్టి 900 ఎత్తు గుర్తు. మధ్య నుంచి అటూ ఇటూ అర మీటరు దగ్గర 877, ఒక మీటరు దగ్గర 807, ఒకటిన్నర దగ్గర 690, రెండు దగ్గర 520, రెండున్నర దగ్గర 293, మూడు దగ్గర సున్నా. ఈ చుక్కల మీద పల్చటి ఫ్లాట్ పట్టీని వంచి పట్టుకుని గీసేస్తే మీ ఆర్చి నేల మీద ఉంది. వేరే కొలతలైతే రేడియస్ వర్గంలోంచి దూరం వర్గం తీసేసి, వర్గమూలం కట్టి, దాంట్లోంచి రేడియస్ మైనస్ రైజ్ తీసేయడమే. ఈ గీత పైపు మధ్య గీతా, లోపలి అంచా, బయటి అంచా అనేది ముందే తేల్చుకుని గచ్చు మీదే రాసిపెట్టండి, మన పైపుకి మధ్య గీత నుంచి అంచుకి 24 ఎంఎం తేడా ఉంది, గోడకి ఆనించే ఆర్చి అయితే ఆ 24తోనే గొడవ వస్తుంది. రోలింగ్ షాపుకి ఇచ్చే కాగితం మీద కూడా ఉత్త "5450" అని కాదు, "మధ్య గీతకి రేడియస్ 5450, డయామీటర్ కాదు" అని రాయండి.

తర్వాత చెకింగ్ గేజ్. చాలా షాపుల్లో మీటరు బద్ద పెట్టి మధ్యలో సందు కొలుస్తారు. మన రేడియస్‌కి మీటరు బద్ద కింద మధ్యలో సందు 23 ఎంఎం రావాలి. బాగానే ఉంది కదా అనుకోకండి, అది 22 వచ్చిందనుకోండి, ఒక్క ఎంఎమ్మే కదా అని వదిలేస్తే రేడియస్ దాదాపు 5690కి పోయినట్టు, మొత్తం ఆర్చి రైజ్ 900 బదులు 855 దగ్గర ఆగిపోతుంది. టేపు పట్టుకునే చెయ్యి వణికితే వచ్చే తేడా అంత, పైన రెండు వేళ్ల కన్నా ఎక్కువ తప్పు! అదే రెండు మీటర్ల బద్ద పెడితే సందు 92.5 రావాలి, అక్కడ ఒక ఎంఎం తేడాకి రేడియస్ మారేది దాదాపు 60 మాత్రమే. కాబట్టి రెండు మీటర్ల గేజ్ మీరే చేసుకుని వెంట తీసుకెళ్లండి. ఇంకా మంచిదేంటంటే నేల మీద గీసిన గీతకే ఒక ఫ్లాట్ వంచి, వెనక రెండు బద్దలు టాక్ వేసి, అంటే చిన్న చుక్క వెల్డింగ్‌తో పట్టించి, టెంప్లేట్ చేసుకోవడం.

ఇక మెషిన్ దగ్గరికి. విజయవాడ ఆటోనగర్, గాజువాక, హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల వైపు రోలింగ్ చేసేవాళ్లు దొరుకుతారు, కేజీ లెక్కనో అడుగు లెక్కనో తీసుకుంటారు. రేటుకన్నా ముందు అడగాల్సింది, మా సైజు పైపుకి గాడి రోలర్ ఉందా అని. 48 పైపుని 60 గాడిలో తిప్పితే పైపు కోడిగుడ్డు ఆకారంలోకి నొక్కుకుపోతుంది, తర్వాత ఎన్ని పూతలు పూసినా కనిపిస్తూనే ఉంటుంది. నీటి పైపులు వంచే జాకీ బెండర్‌తో చేసేస్తా అనేవాళ్లూ ఉంటారు, అది ఒక్కోచోట ఒక్కో పోటు పొడుస్తూ వంచేది, పెద్ద వంపుకి పనికిరాదు, దూరం నుంచి చూస్తే ముక్కలు ముక్కలుగా తెలుస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది స్ప్రింగ్‌బ్యాక్. ఇనుము వంచి వదిలితే కొంచెం వెనక్కి వస్తుందని అందరికీ తెలుసు, కానీ ఎంత వస్తుందనేది ఊహకి అందదు. వంపు ఎంత చదునుగా ఉంటే అంత ఎక్కువ వెనక్కి వస్తుంది. 240 ఎంపీఏ (ఇనుము బలం కొలిచే యూనిట్) దగ్గర లొంగే మామూలు మైల్డ్ స్టీల్ అనుకుని మన 48 పైపుకి లెక్క కడితే, వదిలాక 5450 నిలవాలంటే రోలర్ల మధ్య ఉన్నప్పుడు దాదాపు 4 మీటర్ల రేడియస్ దాకా వంగాలి. అదే పైపుని ఒక మీటరు రేడియస్‌కి వంచాలంటే 940 దాకా వంచితే చాలు. బాగా వంచేదానికి తక్కువ, కొంచెం వంచేదానికి ఎక్కువ, విచిత్రంగా ఉంటుంది గానీ కారణం సింపులే, వెనక్కి వచ్చే వంపు రెండింటిలోనూ ఒకటే, చదును ఆర్చిలో అసలు వంపే తక్కువ కాబట్టి అది పెద్ద భాగం అయిపోతుంది. పైపు గట్టిదైతే ఇంకా ఎక్కువ వెనక్కి వస్తుంది, స్టెయిన్‌లెస్ అయితే మరీనూ.

కాబట్టి మెషిన్‌లో ఉండగా గేజ్ పెట్టి "వచ్చేసింది" అనుకోవద్దు. ఒక అడుగున్నర తుక్కు పైపుతో కాదు, అసలు పొడవు పైపు ఒకదాన్ని ట్రయల్‌గా పెట్టండి. పై రోలర్‌ని కొంచెం దించి ఒక పాస్, అంటే పైపుని ఒకసారి రోలర్లలోంచి తిప్పడం, బయటికి తీసి వదిలేసి కొలవడం, మళ్లీ కొంచెం దించి ఇంకో పాస్, ఇలా మూడు నాలుగు పాసుల్లో తెచ్చుకోండి. ఆఖరి పాస్‌కి రోలర్ ఎంత కిందికి వచ్చిందో స్కేలు మీదో మర మీదో గుర్తు పెట్టించి అన్నీ అదే గుర్తుకి తిప్పించండి. అన్ని పైపులూ ఒకే లాట్‌లో కొని ఒకే రోజు చేయించాలి, పది ఇవాళ, నాలుగు వచ్చేవారం అంటే ఆ నాలుగూ వేరే వంపు వస్తాయి, లాట్ మారితే ఇనుము మొండితనం మారుతుంది మరి. ప్రతి పైపునీ తీయగానే నేల మీద పడుకోబెట్టి చూడండి, ఒక చివర లేస్తుంటే మెలి పడింది, అప్పుడే సరి చేయించండి, ఇంటికొచ్చాక ఎవరూ చేయరు.

మెషిన్ దగ్గర తువ్వాలు, లుంగీ, వదులు చొక్కా వద్దు, చేతులకి గ్లవ్స్ కూడా రోలర్ దగ్గర వద్దు, గ్లవ్ కొస పట్టుకుంటే చెయ్యి మొత్తం లాక్కుపోతుంది. ఇంకొకటి, పైపు తిరిగేకొద్దీ వెనక తోక కూడా పక్కకి ఊగుతుంది, దాని దారిలో ఫోన్ చూస్తూ నిలబడిన హెల్పర్‌కి నడుముకి తగలడం నేను చూశాను.

వేడి చేసి వంచితే తేలిక కదా అంటారు. చిన్న పని, చిన్న వంపు అయితే ఎర్రగా కాల్చి వంచొచ్చు, కానీ నీలం రంగు తిరిగే వేడి దగ్గర అస్సలు వంచొద్దు, ఆ వేడిలో ఇనుము పెళుసుగా ఉంటుంది, కాల్చాక నీళ్లు పోసి చల్లార్చొద్దు. ఇసుక నింపి వంచే పాత పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది, ఇసుక ఎండిపోయి ఉండాలి, తడి ఇసుక నింపి రెండు చివర్లూ బిగించి కాలిస్తే ఆవిరికి పైపు పేలుతుంది. స్లాబులో వేసే టీఎంటీ ఊచల్ని మాత్రం గ్యాస్‌తో కాల్చి వంచొద్దు, దాని బలం అంతా పై పొరలో ఉంటుంది, కాలిస్తే ఆ పొర మెత్తబడుతుంది.

మధ్యలో రేకు, ప్లేట్ రోలింగ్ గురించి రెండు ముక్కలు. పిల్లర్ చుట్టూ గుండ్రంగా ప్లేట్ తొడిగించాలంటే కటింగ్ పొడవు లోపలి కొలతతోనూ కాదు బయటి కొలతతోనూ కాదు, లోపలి డయాకి మందం ఒకసారి కలిపి 3.1416తో గుణించాలి. లోపల 600, ప్లేట్ 6 ఎంఎం అయితే 606 ఇంటూ 3.1416, అంటే 1904. బయటి కొలత 612 పెట్టి కోస్తే 19 ఎంఎం ఎక్కువొస్తుంది. గ్యాస్ కటింగ్ అంచుల్ని గ్రైండ్ చేశాకే రోలర్‌లో పెట్టించండి, గరుకు అంచు నుంచే పగులు మొదలవుతుంది. ప్లేట్ చివర్లు కూడా పైపులాగే తిన్నగా మిగుల్తాయి, ముందుగా చివర్లు వంచి పెట్టమని అడగండి, నాలుగు రోలర్ల మెషిన్ అయితే అది తనే చేసుకుంటుంది.

జీఐ పైపు, అంటే జింక్ పూత ఉన్నది అయితే మన ఐదున్నర మీటర్ల వంపుకి జింక్ పూత ఏమీ అవ్వదు, బిగుతు వంపులకి మాత్రం పూత పగిలి రాలుతుంది. వెల్డింగ్ చేసే చోట జింక్ గ్రైండ్ చేసేయండి, ఆ తెల్ల పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వచ్చినట్టు ఒళ్లు నొప్పులు. వెల్డింగ్ అయ్యాక అక్కడ జింక్ రిచ్ పెయింట్. పౌడర్ కోటింగ్ చేయించే ఉద్దేశం ఉంటే రోలింగ్, వెల్డింగ్ అన్నీ అయ్యాకే.

ఇప్పుడు బిగింపు, దీంట్లో ప్రాణాల మీదకొచ్చే సంగతి రెండు ఉన్నాయి. ఒకటి, ఆర్చి కాళ్లు పక్కకి తన్నుతాయి. మన ఆర్చి మీద మీటరుకి 100 కేజీలు బరువు పడిందనుకోండి, ఒక్కో కాలు దగ్గర పక్కకి నెట్టే బలం 500 కేజీలు. లెక్క ఇదీ: బరువు ఇంటూ స్పాన్ ఇంటూ స్పాన్ బై 8 రైజ్‌లు. రైజ్ తగ్గిస్తే ఇది పెరుగుతుంది, చదును ఆర్చి అందంగా ఉంటుంది గానీ గోడని ఎక్కువ తోస్తుంది. ఇటుక పిట్టగోడ మీద బేస్ ప్లేట్ పెట్టి రెండు బోల్టులు కొట్టేస్తే ఆ గోడ కొన్నాళ్లకి పగులుతుంది. రెండు కాళ్ల మధ్య అడ్డంగా టై రాడ్ పెట్టండి, విల్లుకి నారి కట్టినట్టే, లేదా బీములోకి సరైన యాంకర్లు దించండి.

రెండోది గాలి, అది పైకి లేపుతుంది. మన దేశంలో కట్టడాలకి గాలి లెక్కలు చెప్పే కోడ్ ప్రకారం బేసిక్ గాలి వేగం హైదరాబాద్‌కి సెకనుకి 44 మీటర్లు, విజయవాడ, విశాఖలకి 50. 50 వేగానికి ఒత్తిడి చదరపు మీటరుకి దాదాపు 150 కేజీలు, షెడ్డు ఆకారాన్ని బట్టి మారుతుంది గానీ మీ అర ఎంఎం రేకు బరువు అదే చదరపు మీటరుకి నాలుగైదు కేజీలు. బరువుతో అది నిలబడదు, బోల్టులతోనే నిలబడాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖ ఎయిర్‌పోర్టు టెర్మినల్ కప్పుకే దిక్కులేకపోయింది, మన పోర్టికో ఎంత.

ఎత్తేటప్పుడు ముందు మొదటి ఆర్చి, ఆఖరి ఆర్చి నిలబెట్టి మట్టం చూసి, శిఖరానికి శిఖరానికి దారం లాగండి, రెండు పక్కలా కూడా ఒక్కో దారం. మధ్యవన్నీ ఆ మూడు దారాలకి సర్దుకుంటూ టాక్ మాత్రమే వేయండి. ఒకటి రెండు ఐదు ఎంఎం అటూ ఇటూ ఉంటాయి, కాలు దగ్గర ప్యాకింగ్‌తో సర్దేయండి, ఆర్చిని సుత్తితో కొట్టి సర్దొద్దు. అన్నీ ఒక వరసలోకి వచ్చాకే ఫుల్ వెల్డింగ్, అదీ ఒక వైపు మొత్తం లాగించకుండా అటొకటి ఇటొకటి, లేకపోతే వెల్డింగ్ లాగుడుకి వరస వంకర పోతుంది. పైపు చివర్లు మూతలు వేసి మూసేయండి, లోపల నీళ్లు చేరితే బయటి పెయింట్ ఎంత బాగున్నా లోపల్నుంచి తినేస్తుంది.

రేకు మామూలు ప్రొఫైల్ షీట్ అయితే ఈ రేడియస్‌కి దానంతట అది వంగుతుందో లేదో కొనే ముందే కంపెనీ వాళ్ల కనీస రేడియస్ అడగండి, అంతకన్నా తక్కువైతే నొక్కులు కొట్టి వంచిన షీట్ విడిగా ఆర్డర్ ఇవ్వాలి. పాలీకార్బనేట్ గొట్టాల షీట్‌కి సాధారణంగా మందానికి 175 రెట్లు చెప్తారు, 10 ఎంఎం షీట్‌కి 1750, మన 5450కి హాయిగా వంగుతుంది, దాని గొట్టాలు మాత్రం వంపు వెంట పోయేలా పరవండి, అడ్డంగా కాదు.

ఆ టెంప్లేట్ పట్టీని తుక్కులో పడేయకండి. పని అయిపోయిందనుకున్నాక ఓనరు ముందు అంచుకి పట్టీ కావాలనో, లైట్ల పైపు అదే వంపులో కావాలనో తప్పకుండా అడుగుతాడు, నేల మీద గీసిన గీత అప్పటికి టైల్స్ కింద ఉంటుంది.